గ్రీన్ టీ – మందా, పానీయమా?



హైదరాబాదు బేగంబజారునకు సరకులకై పోయివచ్చు మన రైతులు కొందరు, కిరాణా మూటలతోపాటు గ్రీన్ టీ పొట్లములను గూడ ఇండ్లకు తెచ్చుచున్నారు. దీనిని త్రాగిన స్థూలకాయము కరగుననియు, మధుమేహము కుదురుననియు జనులు చెప్పుకొనుచున్నారు. సంఘపు దుకాణమున దీనిని అమ్మవలెనని కోరువారును గలరు. కావున మాకు తోచిన మాట మనవి చేయుచున్నాము.

ఇది వేరొక చెట్టు ఆకు కాదు. మనము నిత్యము త్రాగు టీ పొడియు, ఇదియు ఒకే తేయాకు మొక్కనుండి వచ్చునవే. కోసిన ఆకును నలిపి గాలికి మాగనిచ్చిన నల్లబడును. వెంటనే ఆవిరి పట్టియో, బాణలిలో వేచియో ఆరబెట్టిన పచ్చదనము నిలుచును. అట్లు చేసిన ఆకులో కాటెకిన్లు అను వగరు పదార్థములు హెచ్చుగా మిగులును.

దీనికి గుణమే లేదనుట న్యాయము కాదు. జపాను దేశమున ఒసాకి ప్రాంతములో 1994 మొదలు 40,530 మంది పెద్దలను ఏండ్ల తరబడి గమనించి, 2006లో ఫలితములు ప్రకటించిరి. దినమునకు 5 గిన్నెలు లేక అంతకు మించి త్రాగువారిలో, ఒక గిన్నెకంటె తక్కువ త్రాగువారికంటె మరణములు పురుషులలో నూటికి 12 వంతులు, స్త్రీలలో 23 వంతులు తక్కువగ నుండెను. గుండెజబ్బు, పక్షవాతముల మరణములు తగ్గినవి గాని, కాన్సరు మరణములు తగ్గలేదు. అయినను ఇది కేవల పరిశీలనయే. తేనీరొక్కటే కారణమని దీనివలన రుజువు కాలేదు.

మన యిండ్లలో లాభము మరియొక దారిని వచ్చును. దినమునకు 4 గ్లాసుల టీ, గ్లాసునకు 2 చెంచాల చక్కెర చొప్పున త్రాగువాడు ఇంచుమించు 40 గ్రాముల చక్కెర మ్రింగుచున్నాడు. 25 గ్రాములకు లోబడుట మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పినది. గ్రీన్ టీని చక్కెర లేక త్రాగిన ఈ భారము తప్పును. అందును చక్కెర కలుపుకొనువానికి ఈ ఫలము దక్కదు.

ఇక ముఖ్యమైన హెచ్చరిక. మన ఆడవారిలో సగమునకు మించి రక్తహీనత గలవారని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలిపినది. టీ ఏదైనను, దానిలోని వగరు అన్నములోని ఇనుమును ఒంటబట్టనీయదు. అందుచేతనే హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో, భోజనమునకు ఒక గంట ముందును, ఒక గంట తరువాతను టీ మానుడని హితవు చెప్పినది. పొలమున సద్దిమూట విప్పి, కూడు తిన్న వెంటనే టీ పోసుకొనుట మన అలవాటు. పాల టీకి బదులు గ్రీన్ టీ పోసుకొన్నను కీడు తప్పదు. అన్నముతో నిమ్మరసము పుచ్చుకొనుట మేలు. అది ఇనుమును ఒంటబట్టించును.

సారము తీసి బిళ్లలుగా అమ్ము సరకును కొనకుడు. దినమునకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి అందలి ముఖ్య కాటెకిన్‌ను బిళ్లల రూపమున పుచ్చుకొన్న కాలేయమునకు చెరుపు కలుగవచ్చునని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించినది. గర్భిణులు, రక్తము పలుచబడుటకు మందులు వాడువారు వైద్యుని అడిగి త్రాగవలెను. నిద్ర పట్టనివారు సాయంకాలము మానవలెను.

కావున మా అభిప్రాయమిది: సంఘపు దుకాణమున గ్రీన్ టీ ఉండవచ్చును, కాని మందు పేరిట కాదు, మందు వెలకు అంతకన్న కాదు. ఆహార లైసెన్సు సంఖ్య 14 అంకెలు పొట్లముపై చూచి, బేగంబజారున టోకుగా కొని, సభ్యులకు విడి ఆకుగా పంచిన చాలును. మరిగిన నీటిని దించి కొంచెము చల్లార్చి, ఆకు వేసి 2, 3 నిమిషములుంచి వడకట్టుకొనవలెను. పొయ్యిమీద కాచిన చేదెక్కును. మధుమేహమునకు వైద్యుడిచ్చిన మందు మాని దీనిని త్రాగువాడు, ఎరువు మాని పొలమున నీరు మాత్రమే పెట్టి పంట కోరువానివంటివాడు.