ఆదాయములేని క్రీడలను కళాశాలలనుండి తొలగింపరాదని గూడెం కొత్తవీధి విద్యార్థుల వినతి

విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులవారికిని, క్రీడావిభాగాధికారులకును, గిరిజనాభివృద్ధి సంస్థ ప్రాజెక్టు అధికారిగారికిని,

అల్లూరి సీతారామరాజు జిల్లా గూడెం కొత్తవీధి మండలమునుండి డిగ్రీ చదువునకు పోవుచున్న విద్యార్థినీ విద్యార్థులమును, వారి తల్లిదండ్రులమును సవినయముగా విన్నవించుకొనునది.

రాబడిలేని ఆటలపై వ్యయము దండుగయనియు, జనము గుమిగూడని విలువిద్య, ఖోఖో, పరుగుపందెములవంటివానిని క్రమముగా విడిచి, ఉన్న ధనమును ఒకటి రెండు ఆటలకే కేటాయింపవలెననియు పెద్దలలో కొందఱనుచున్న మాట ఘాటురోడ్డెక్కి మావఱకును వచ్చినది. ఇది అరువు తెచ్చుకొన్న తర్కము. అమెరికాలో పెద్ద విశ్వవిద్యాలయములకు ఫుట్‌బాలు, బాస్కెట్‌బాలు టిక్కెట్లవలనను, టెలివిజన్ ప్రసారములవలనను విస్తారముగా ధనము తెచ్చుచుండగా, ఆ ధనము తక్కిన ఆటలకు ఆధారమగుచున్నది. కావున అచ్చట రాబడిగల ఆటలు, రాబడిలేని ఆటలు అను విభజనకు కొంత అర్థము గలదు. అంతటి సంపన్నమైన స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమే 2020 జులైలో కత్తిసాము, కుస్తీ మొదలగు 11 క్రీడలను మానివేయుదుమని ప్రకటించి, క్రీడాకారులును పూర్వవిద్యార్థులును ఎదురుతిరుగగా 2021 మేలో ఆ నిర్ణయమును వెనుకకు తీసికొన్నది. మన అంతర్‌కళాశాల పోటీలకు టిక్కెట్టు కొని వచ్చువారెవ్వరు? క్రికెట్టుకైనను లేరు. ఆదాయమే కొలబద్దయైనచో మన కళాశాలలలో నిలువదగిన ఆట ఒక్కటియును లేదు.

కేంద్రప్రభుత్వోద్యోగములలో క్రీడాకారుల నియామకమునకు అర్హులైనవారిలో, అంతర్‌విశ్వవిద్యాలయ పోటీలలో తమ విశ్వవిద్యాలయము పక్షమున ఆడినవారును గలరు. ఒక ఆటకు జట్టును పంపుట మానినచో, ఆ ఆటలో ఎంతటి దిట్టకైనను ఆ ధ్రువపత్రము పుట్టదు. పట్టణపు పిల్లవానికి క్లబ్బులుండును, రుసుము పుచ్చుకొని నేర్పు అకాడమీలుండును. సీలేరు దారిలోని పల్లెబిడ్డకు కళాశాల పీడీ సారు తప్ప వేఱు దిక్కు లేదు. అంతర్‌విశ్వవిద్యాలయ పోటీల విలువ ఎట్టిదనగా, విశాఖపట్నపు యర్రాజి జ్యోతి 2020లో మూడబిద్రి అంతర్‌విశ్వవిద్యాలయ పోటీలలో 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.03 సెకన్లలో ముగించినది. అది అప్పటి జాతీయ రికార్డుకన్న మేలైనను, డోపింగు పరీక్ష జరుగనందున లెక్కకు రాలేదు. ఆమెయే 2023లో చెంగ్డూ ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడలలో 12.78 సెకన్లతో కాంస్యపతకము గొన్నది. ఆ పరుగునకు ఎన్ని టిక్కెట్లమ్ముడుపోవునని ఎవ్వరును లెక్కవేయకుండుట మన అదృష్టము.

విలువిద్యమాట చెప్పక తీరదు. ఆగస్టు 9వ తేదీన ఆదివాసీ దినోత్సవపు ఊరేగింపునకు మా పిల్లలచేతికి వెదురువిల్లిచ్చి ఫొటోలు తీయించుకొనని పెద్దలరుదు. 10వ తేదీన ఆటసామగ్రి గది తలుపు తీసి చూచినచో, గాలిపోయిన వాలీబాల్ బంతులును, అల్లిక ఊడిన వలయును దప్ప మఱేమియు గానరాదు. ఒలింపిక్స్‌లో 70 మీటర్ల దూరమున 122 సెంటీమీటర్ల గుఱిని కొట్టు విల్లు వేఱు. దానిని మాలో పెక్కండ్రు కంటనైనను చూడలేదు. విజయవాడ వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో మూడు స్వర్ణములు గెలిచినది, చేత తగిన విల్లును, వెనుక ఏండ్లతరబడి శిక్షణయు నుండుటచేతనే గదా! 1922 నాటి మన్యపు పోరాటము తలచి, మా రక్తములోనే విలువిద్య యున్నదని సభలలో పొగడుదురు. పొగడ్త విల్లు కొనిపెట్టదు.

ప్రవేశసమయమున మాచే క్రీడారుసుము కట్టించుచునే యున్నారు. ఎంపికపోటీలు మాత్రము మైదానప్రాంతముననే. ముందునాటి సాయంకాలము కబురందును. చీకటితో బయలుదేఱి, చింతపల్లి దాటి, లంబసింగి ఘాటు దిగి, నర్సీపట్నమున బస్సు మాఱి చేరునప్పటికి పేర్లు పిలుచుట ముగిసియుండును. టీఏ, డీఏలు తరువాత వచ్చునందురు. పైగా ఆ ఎంపికపోటీలు కాఫీపండ్లు కోయు దినములలోనే వచ్చును. కోతపని విడిపించి కొడుకును పంపిన తండ్రితో, పరుగెత్తనే లేదని చెప్పవలసివచ్చుట మాలో అనేకులెఱిగిన అవమానము.

ధనము పరిమితమని మేమెఱుగుదుము. స్టేడియములు కోరుట లేదు. ఏ క్రీడనైనను తొలగింపదలచినచో రాబడిని గాక, దానిని కోల్పోవువారికి వేఱుదారి గలదో లేదో విచారింపవలెననియు, మేము కట్టిన క్రీడారుసుములో కళాశాలకు చేరినదెంతయో నోటీసుబోర్డున పెట్టింపవలెననియు, మన్యపు కళాశాలల ఎంపికలను కాఫీకోతకు ముందే పాడేరులోనో చింతపల్లిలోనో జరిపి, ప్రయాణపు ఖర్చు బయలుదేఱకమునుపే ఇప్పింపవలెననియు ప్రార్థించుచున్నాము. విశ్వవిద్యాలయమును, గిరిజనాభివృద్ధి సంస్థయు కలిసి ఒక్క శిక్షకుని, నాలుగు పోటీవిండ్లను చింతపల్లిలో ఏర్పాటుచేసినచో నేర్చుకొన సిద్ధముగా నున్న ఈ మండలపు విద్యార్థుల పేర్లను ఈ పత్రమునకు జతచేయుచున్నాము.

ఇట్లు,
గూడెం కొత్తవీధి మండల కళాశాల విద్యార్థినీ విద్యార్థులు, తల్లిదండ్రులు