దాహానికి కొలత పెట్టినవారెవరు?

దేహదారుఢ్య శిక్షణలో ఉన్నవారు రోజుకు ఎన్ని లీటర్ల నీరు తాగాలి అన్న ప్రశ్నకు మా ఇబ్రహీంపట్నంలో ఇప్పుడు సిద్ధంగా దొరికే జవాబు ఒక్కటే: ఐదు లీటర్లు. వ్యాయామశాల గోడ మీద అదే, పోలీసు ఉద్యోగాలకు తర్ఫీదు ఇచ్చేవారి నోట అదే, ఫోన్లలో చేతులు మారే సందేశాల్లోనూ అదే. కొందరు ఉదారులు ఆరు అంటారు. నలభై ఎనిమిది కిలోల అమ్మాయికీ, తొంభై కిలోల అబ్బాయికీ, పుష్యమాసపు చలికీ, రోహిణి కార్తె ఎండకూ అంకె మాత్రం మారదు. ఈ అంకెకు శాస్త్రంలో పునాది లేదనీ, వినగా వినగా నిజమైపోయిన అబద్ధమనీ, కొన్ని సందర్భాల్లో ప్రాణం మీదికి తెచ్చేదనీ నా వాదం. మెత్తగా చెప్పే ఓపిక నాకు లేదు. ఎందుకంటే ఈ మాట వింటున్నవారు పద్దెనిమిది, ఇరవై ఏళ్ల పిల్లలు. వాళ్లు చెప్పింది చెప్పినట్టు చేస్తారు.

ముందుగా, వాళ్లు దేనికోసం చెమటోడుస్తున్నారో చూద్దాం. 2022 నాటి తెలంగాణ పోలీసు నియామకాల్లో పురుషులు 1600 మీటర్ల దూరాన్ని 7 నిమిషాల 15 సెకన్లలో, స్త్రీలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలి. ఆ తర్వాత లాంగ్ జంప్, షాట్‌పుట్. అంటే అసలు పరీక్షలో పరుగు ఎనిమిది నిమిషాలైనా ఉండదు. ఆ కాసేపట్లో పోయే చెమట ఒక గ్లాసుకు అటూ ఇటూ. రోజువారీ సాధన గంట, గంటన్నర. మనిషిని బట్టీ, ఎండను బట్టీ గంటకు అర లీటరు నుంచి రెండు లీటర్ల దాకా చెమట పోవచ్చు. తెల్లవారుజామున ఐదున్నరకు మొదలుపెట్టి ఏడింటికి ముగించేవారికి అది చాలావరకు కింది అంచుకే దగ్గరగా ఉంటుంది. మరి ఐదు లీటర్ల లెక్క ఎక్కడినుంచి ఊడిపడింది?

దీని తాతముత్తాతల్ని వెతుక్కుంటూ పోతే 1945లో అమెరికాలోని ఆహార పోషకాహార మండలి చెప్పిన ఒక మాట దగ్గర ఆగుతాం. పెద్దవారికి రోజుకు సుమారు రెండున్నర లీటర్ల నీరు తగినదని అది చెప్పింది. ఆ వెంటనే, అందులో అధికభాగం వండిన ఆహారంలోనే ఉంటుందనీ చెప్పింది. లోకం మొదటి వాక్యాన్ని కంఠస్థం చేసి రెండో వాక్యాన్ని గాలికి వదిలేసింది. (మన అన్నంలో మూడింట రెండు వంతులకు పైగా నీరే అన్న సంగతి వండేవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. దాని మీద చారు, ఆ పైన మజ్జిగ.) రోజుకు ఎనిమిది గ్లాసులన్న సూత్రానికి ఆధారాలేమిటో చూద్దామని డార్ట్‌మత్ వైద్య కళాశాలకు చెందిన మూత్రపిండ శాస్త్రవేత్త హైంజ్ వాల్టిన్ పూనుకొని వెదికారు. ఆరోగ్యవంతులు అంత నీరు తాగితీరాలనడానికి శాస్త్రీయమైన ఆధారం కనబడలేదని 2002లో ప్రకటించారు. ఎనిమిది గ్లాసుల గతే అది. మనవాళ్లు దాన్ని ఇరవై గ్లాసులు చేశారు!

ఆటగాళ్ల సంగతి వేరు కదా అంటారా? వేరే. అందుకే అక్కడ జరిగిన నష్టమూ పెద్దది. క్రీడల వైద్యులకు పెద్దదిక్కనిపించుకున్న అమెరికన్ సంస్థ ఒకటి 1996లో, వ్యాయామ సమయంలో చెమటగా పోయినంత నీటినీ తిరిగి తాగాలని, లేదా కడుపు ఓర్చుకోగలిగినంత తాగాలని సలహా ఇచ్చింది. ఆ రోజుల్లో మారథాన్ పరుగుల దారి పొడవునా నీళ్ల బల్లలు వెలిశాయి. 2002లో బోస్టన్ మారథాన్‌లో ఒక యువతి మరణించింది. దాహంతో కాదు, అతిగా ద్రవాలు తాగడంవల్ల రక్తంలో సోడియం పడిపోయి, మెదడు వాచి మరణించింది. ఆ ఏడాది అదే పరుగులో పాల్గొన్న 488 మంది రక్తాన్ని పరీక్షించగా వందకు పదముగ్గురిలో సోడియం ఉండవలసిన స్థాయికన్నా తక్కువగా ఉందని 2005లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రచురించింది. ముగ్గురిలో అది ప్రాణాపాయ స్థాయికి దిగింది. వారిని మిగతావారినుంచి వేరుచేసిన ప్రధాన లక్షణం ఏమిటో తెలుసా? పరుగు ముగిసేసరికి వారి బరువు పెరిగి ఉండడం. ఇరవై ఆరు మైళ్లు పరుగెత్తి బరువు పెరిగారంటే ఎంత తాగి ఉండాలి!

దక్షిణాఫ్రికా వైద్యుడు టిమ్ నోక్స్ ఈ ప్రమాదం గురించి 1980ల నుంచీ మొత్తుకుంటూనే ఉన్నారు. వినలేదు. అతిగా నీరు తాగి శిక్షణార్థులు ఆస్పత్రుల పాలయ్యాక అమెరికా సైన్యం 1998లో తన నియమాలను సవరించి, ఎంత ఎండైనా గంటకు సుమారు 1.4 లీటర్లకు మించి తాగరాదని హద్దు పెట్టింది. మొదట సలహా ఇచ్చిన సంస్థ కూడా 2007లో మాట మార్చుకుంది. శరీరపు బరువులో రెండు శాతానికి మించి తగ్గకుండా చూసుకుంటే చాలు, బరువు పెరిగేంతగా తాగవద్దంది. 2015లో నిపుణులు సమావేశమై దాహాన్ని బట్టి తాగమన్నారు. నీటి సలహాలిచ్చే పరిశోధకులకూ, సంస్థలకూ క్రీడాపానీయాల కంపెనీలతో ఉన్న ధనసంబంధాలను 2012లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ బయటపెట్టింది. అది చదివిన తర్వాత ఎవరి లాభానికి ఎవరి కడుపు నింపుతున్నారన్న అనుమానం రాకపోతే అది మన అమాయకత్వం. ఇంత జరిగాక కూడా మా ఊరి గోడల మీద 1996 నాటి సలహాయే, మరికొంత ఉబ్బి, వేలాడుతోంది.

లోపల జరిగేది కష్టమైన విషయమేమీ కాదు. ఆరోగ్యవంతుడి మూత్రపిండాలు గంటకు 800 మిల్లీలీటర్ల నుంచి ఒక లీటరు దాకా నీటిని బయటకు పంపగలవు. తీవ్రంగా శ్రమిస్తున్నప్పుడు శరీరం నీటిని పట్టి ఉంచుకుంటుంది కనుక ఆ శక్తి ఇంకా తగ్గుతుంది. అప్పుడు గటగటా తాగిన నీరు రక్తంలోని ఉప్పును పలుచన చేస్తుంది, కణాలు ఉబ్బుతాయి. పుర్రెలో ఉబ్బడానికి చోటు లేదు. తలనొప్పి, వాంతులు, మాట తడబడడం, తికమక, ఆపై మూర్ఛ. చూసేవారికి వడదెబ్బలాగే ఉంటుంది. చుట్టూ చేరినవారు జాలిపడి, ఇంకో సీసా నీళ్లు పట్టిస్తారు. ఆ జాలే అతడి పాలిట శత్రువు.

దీనికి ఎదురువచ్చే వాదన ఒకటుంది, చాలా చదువుకున్నట్టు వినిపిస్తుంది: "దాహం వేసిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు." కాదు. రక్తపు సాంద్రత ఒకటి రెండు శాతం పెరగగానే దాహం తలుపు తడుతుంది. వైద్యులు నిర్జలీకరణ అని పిలిచే స్థితి దానికి చాలా దూరాన ఉంటుంది. పిట్టకూ పశువుకూ లక్షల ఏళ్లుగా పనిచేస్తున్న ఏర్పాటు పోలీసు ఉద్యోగార్థికి మాత్రం పనిచేయదనుకోవడం వింతే. ముసలితనంలో దాహం మందగిస్తుంది. మూత్రపిండాల్లో రాళ్లున్నవారిని ఎక్కువ తాగమని వైద్యులే చెబుతారు. వడగాడ్పుల్లో రోజంతా మట్టి మోసే కూలీ గుర్తుపెట్టుకొని తాగాలి. 2015 మే నెల వడగాడ్పులకు మన రెండు రాష్ట్రాల్లో కలిపి వెయ్యిమందికి పైగా మరణించారు. వారికి నీరూ నీడా సమయానికి అందాలి. ఆ దుఃఖాన్ని చూపి, తెల్లవారుజామున గంటసేపు పరుగెత్తి ఇంటికి వెళ్లే కుర్రవాడికి ఐదు లీటర్లు అంటగట్టడమే నేను కాదంటున్నది.

నీరు తాగనివ్వని గురువులనూ నేను సమర్థించను. పరుగు మధ్యలో గుక్కెడు నీళ్లడిగితే బలహీనుడని వెక్కిరించే పాతకాలపు కాఠిన్యం ఇంకా చావలేదు. 2024 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ పరీక్షల్లో గంటలో పది కిలోమీటర్లు పరుగెత్తించారు. పదిమందికి పైగా యువకులు మరణించారు. కారణాల గురించి వాదోపవాదాలు నడిచాయి. వేడిలో శ్రమ తెచ్చే వడదెబ్బ కడుపునిండా నీళ్లున్నవాడిని కూడా పడగొడుతుందన్నది మాత్రం అందరూ ఎరిగిన వైద్యసత్యం. పడిపోయినవాడి నోట్లో నీళ్లు పోయడం కాదు, ఒంటి మీద పోయాలి, నీడకు చేర్చి చల్లబరచాలి. స్పృహలేనివాడి నోట్లో పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

మరి ఎంత తాగాలి? అంకె చెప్పకుండా కొలిచే దారి ఉంది. కిరాణా కొట్టులో కూడా తూకం యంత్రం ఉన్న కాలం ఇది. సాధనకు ముందూ, తర్వాతా బరువు చూసుకోండి. అరవై కిలోలవాడు అరకిలో తగ్గితే అర లీటరు చెమట పోయిందన్న మాట. ఆ నష్టం తిండితో, చారుతో, దాహం కొద్దీ తాగే నీళ్లతో పూట గడిచేలోగా తీరిపోతుంది. కిలోకు మించి తగ్గుతున్నాడంటే మధ్యలో తాగడం చాలడం లేదు. పెరిగాడంటే ఆ సీసాను అతడి చేతిలోంచి లాగేసుకోవాలి. మూత్రం లేత పసుపుగా ఉంటే చాలు, నీళ్లలా తెల్లగా ఉండాలన్నది అనవసరపు ఆరాటం. ఉప్పు వేసిన గంజి, జొన్న అంబలి, పలుచని మజ్జిగ మన తాతలకు తెలిసిన పానీయాలే. వాటికి ప్రకటనలిచ్చే కంపెనీ లేకపోవడమే వాటి దురదృష్టం. ఓ.ఆర్.ఎస్. పేరు పెట్టుకొని అమ్మిన తీపి నీళ్ల సంగతి మనకు హైదరాబాదులోనే తెలిసివచ్చింది. పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడగా, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రానికి సరితూగని పానీయాలకు ఆ పేరు వాడరాదని 2025 అక్టోబరులో దేశపు ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. ఆ సూత్రం ప్రకారం లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, వాటితోపాటు పొటాషియం క్లోరైడు, సిట్రేటు. అట్టపెట్టెల్లోని రంగునీళ్లలో చక్కెర అంతకు అనేక రెట్లు.

ఇక మా ప్రాంతానికే చెందిన ఒక లెక్క, లీటర్ల ప్రచారకులు ఎన్నడూ వేయనిది. ఇబ్రహీం కులీ కుతుబ్ షా పేరు మోస్తున్న ఊరు మాది, పెద్ద చెరువున్న ఊరు. హైదరాబాదు దాహం తీర్చే కృష్ణ నీళ్లు 2004 నుంచి గున్‌గల్ మీదుగా మా పక్కనుంచే పోతున్నాయి. పొరుగున నల్లగొండ జిల్లా మర్రిగూడ. ఫ్లోరైడు ఆ పల్లెల్లో మనుషుల ఎముకలను ఏం చేసిందో కళ్లున్నవారందరూ చూశారు. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక పరిస్థితి మారింది, కాదనను. కాని పొలం దగ్గరా, మైదానం పక్కనా, బోరు కనబడితే అక్కడే సీసా నింపుకొనే అలవాటు పోలేదు. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని హద్దు. అన్ని మార్గాల్లో కలిపి రోజుకు సుమారు 6 మిల్లీగ్రాములు దాటితే ఎముకలకు ముప్పు పెరగవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది. సరిగ్గా హద్దు మీద ఉన్న బోరు నీటిని రెండు లీటర్లు తాగితే 3 మిల్లీగ్రాములు. ఐదు లీటర్లు తాగితే ఏడున్నర. నీరు మారలేదు, పరీక్షలో తప్పలేదు. గోడ మీది అంకెను పాటించడంతోనే హద్దు దాటిపోయింది. కండలు పెంచుకోవడానికి వచ్చినవాడి ఎముకల మాట గురువుగారికి గుర్తురాలేదు.

అన్నిటికన్నా నన్ను మండించేది ఇంకొకటి. తర్ఫీదు పొందేవారిలో ఇప్పుడు ఆడపిల్లలు చాలామంది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి తెల్లవారకముందే ఆటోల్లో, తండ్రుల బండ్ల మీద వస్తారు. వాళ్ల చేతుల్లోనూ ఐదు లీటర్ల కాగితమే. నేను ఉదయం నడకకు వెళ్లే మైదానంలో మరుగుదొడ్డి లేదు. ఉన్న ఒకటి తాళం వేసి ఉంటుంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. మగపిల్లలకు గోడలున్నాయి, చెట్లున్నాయి. పోయిన ఎండాకాలంలో పరుగు ముగించి రొప్పుతూ కూర్చున్న ఒకమ్మాయి పక్కన నిండు సీసా మూతైనా తీయకుండా ఉండడం చూసి, తాగవేమమ్మా అని అడిగాను.

"ఇంటికి పోయినంకనే తాగుత సార్. లేవంగనే ఒక్క బుక్క తాగిన, గంతే," అంది.

ఇంటినుంచి బయలుదేరి మళ్లీ ఇల్లు చేరేసరికి నాలుగు గంటలు. మే నెల. ఆమెకు దాహం వేస్తోంది, నీళ్లు పక్కనే ఉన్నాయి, తాగలేకపోతోంది. ఇంత తాగమని కాగితం రాసిచ్చినవారికి, అది ఎక్కడికి పోవాలన్న ఆలోచన మూడు నెలల శిక్షణలో ఒక్కసారైనా రాలేదు. రుసుము వసూలు చేసేటప్పుడు మాత్రం ఆడపిల్లలకు ప్రత్యేక శ్రద్ధ అని కరపత్రంలో అచ్చు వేయించారు. వచ్చే నియామకాల ప్రకటన వెలువడేలోగా ఆ తాళం తీయించండి, పక్కన ఇంకో రెండు మరుగుదొడ్లు కట్టించండి, లోపల నల్లా పెట్టించండి. మైదానం ఎవరి అధీనంలో ఉందో వారినీ, రుసుములు పుచ్చుకుంటున్నవారినీ కలిపే అడుగుతున్నాను. ఆ గోడ మీది అంకెను మాత్రం రేపే సున్నం వేసి చెరిపేయవచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.