సైనస్ అందరికీ ఉంటుంది

"మావాడికి సైనస్ ఉందండీ, ఈ ఊరి గాలి పడలేదు." బాగ్‌బేరా రైల్వే కాలనీకి వచ్చాక మా అమ్మ ఈ మాట ఎంతమందితో అందో లెక్కలేదు. బొండాముండాలో దుమ్ము పడలేదంది. అంతకుముందు ఖరగ్‌పూర్‌లో నీళ్ళు పడలేదంది. నాన్నకు బదిలీ అయిన ప్రతిచోటా నా ముక్కు కారింది కాబట్టి తప్పు ఊళ్ళది కాదని నా అభిప్రాయం.

అసలు సైనస్ జబ్బు పేరే కాదు. ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గదులవి. బుగ్గల్లో, నుదుటిలో, కళ్ళ మధ్య, వాటికి వెనక లోతుగా, మొత్తం నాలుగు జతలు. వాటి గోడల్లో పల్చని జిగురు ఊరుతుంది. కంటికి కనబడని సన్నని నూగు దాన్ని ముక్కులోకి తోస్తూ ఉంటుంది. ఆ దారి మూసుకుపోయి లోపల వాస్తే అది సైనసైటిస్. అమ్మ చెప్పే జబ్బు అదీ.

అన్నిటికన్నా పెద్దది బుగ్గ గది. దాని తూము అడుగున కాకుండా పైభాగాన ఉంటుంది! మన ఇంటి ట్యాంకుకి ఎవరైనా అలా పెడితే ఊరుకుంటామా? జిగురు పైకి ఎక్కి బయటపడాలి, అందుకే జలుబు చేస్తే అక్కడ నిలిచిపోతుంది. ఆ గది నేలకు ఆనుకునే పైదవడ పళ్ళ వేళ్ళుంటాయి. పోయిన చలికాలం నేను పన్ను నొప్పని ఏడ్చింది పన్ను వల్ల కాదు.

నుదుటి గదులు పుట్టినప్పుడు ఉండవు. ఆరేడేళ్ళకు ఎక్స్‌రేలో కనబడతాయి, యుక్తవయసు దాకా పెరుగుతూనే ఉంటాయి. అంటే నావి మూడు ఊళ్ళలో పెరిగాయన్నమాట.

నా గొడవ పేరు గురించే అయితే ఇంత రాయను. మా మందుల డబ్బా కూడా మాతోపాటే బదిలీ అవుతుంది. పాత ఊళ్ళో మిగిలిన నాలుగు యాంటీబయాటిక్ మాత్రలు అందులో ఉంటాయి. "సైనస్ మళ్ళీ మొదలైంది" అనగానే ఒకటి నా నోట్లో పడుతుంది. జలుబు వైరస్ వల్ల వస్తుంది, ఆ మాత్ర దాన్నేమీ చేయలేదు. ఊరికే మింగుతూ పోతే మందుకు లొంగని బాక్టీరియా తయారవుతుంది. పది రోజులు దాటినా తగ్గకపోయినా, తగ్గినట్టే తగ్గి ముదిరినా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. కన్ను వాచినా, చూపు మసకబారినా ఆ రోజే వెళ్ళాలి.

గాలికి బొత్తిగా సంబంధం లేదనను. చలికాలం పొద్దున బొగ్గు పొయ్యిల పొగ కమ్మితే నా తల బరువెక్కుతుంది. పొగకు ఆ నూగు మందగిస్తుంది. కానీ పొగ లేని ఊరేదో నాన్నకు ఇంకా పోస్టింగ్ రాలేదు.

మొన్న అమ్మ పక్కింటావిడతో మళ్ళీ మొదలుపెట్టింది. "ఆంటీ, మీకూ ఉన్నాయి, నాలుగు జతలు" అన్నాను. ఆవిడ కంగారుగా నుదురు తడుముకుంది.