ఎండల్లో ఉపాధి పని: జాగ్రత్తలు సరే.. కొలతల సంగతేంటి?

‘ఉదయం 11 నుంచి సాయంత్రం 4 దాకా బయటికి రావొద్దు’. మే నెల వస్తే చాలు, ప్రతి ఫోన్‌కీ ఈ మెసేజ్ వస్తుంది. మంచి సలహానే. కానీ పలుగు, పార పట్టుకుని చెరువులో పూడిక తీస్తేనే పొయ్యి వెలిగే ఇళ్లకు ఇది ఎంతవరకు పనికొస్తుంది?

2015 మేలో ఏపీ, తెలంగాణల్లో వడగాడ్పులకు వెయ్యి మందికి పైగా చనిపోయారు. వాళ్లలో కూలీలు, వృద్ధులే ఎక్కువ. అప్పటి నుంచి హెచ్చరికలు, చలివేంద్రాలు పెరిగాయి. కూలీ లెక్క మాత్రం ఎండను పట్టించుకోవడం తగ్గించింది. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

గట్టిపడిన నేల.. తగ్గే కూలీ

ఉపాధి హామీలో 2025 ఏప్రిల్ 1 నుంచి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రోజు కూలీని రూ.307గా నిర్ణయించారు. పనికి వెళ్లిన అందరికీ అంతా రాదు. ఎంత మట్టి తవ్వారో కొలిచి, దాన్ని బట్టి డబ్బులు వేస్తారు. వేసవిలో నేల రాయిలా బిగుసుకుపోతుంది. జనవరిలో గంటలో తవ్విన మట్టికి మేలో ఎక్కువ టైం పడుతుంది. ఒంట్లో ఓపిక కూడా అంతే వేగంగా కరిగిపోతుంది.

ఇది తెలిసే గతంలో ఇక్కడ వేసవి భత్యం ఇచ్చేవాళ్లు. ఫిబ్రవరిలో 20 శాతం, మార్చిలో 25, ఏప్రిల్, మేలలో 30, జూన్‌లో 20 శాతం అదనం. అంటే మే నెలలో వంద రూపాయల పని చేస్తే 130గా లెక్క కట్టేవాళ్లు. కేంద్రం సాఫ్ట్‌వేర్‌కు మారాక అది ఆగిపోయింది. ఇప్పుడు నీడలో కాసేపు కూర్చుంటే ఆ మేరకు కొలత తగ్గుతుంది, కూలీ తగ్గుతుంది.

దీనికి తోడు ఫొటో హాజరు. 2023 జనవరి నుంచి ఎన్‌ఎంఎంఎస్ యాప్‌లో పని చోటు నుంచే రోజుకు రెండుసార్లు ఫొటో ఎక్కించాలి. తెల్లారుజామునే పని ముగించుకున్నా సరే, రెండో ఫొటో పడేదాకా కదలడానికి లేదు. సిగ్నల్ లేని గుట్టల దగ్గర ఆ ఎదురుచూపు ఎలా ఉంటుందో వేరే చెప్పాలా!

44 డిగ్రీలంటే 44 కాదు

వాతావరణ శాఖ ఉష్ణోగ్రత కొలిచేది నీడలో, గాలి ఆడే పెట్టెలో. ఎండలో గడ్డపార వేసే మనిషికి దానికి మించిన వేడి తగులుతుంది. బరువు పనితో ఒంట్లో పుట్టే వేడి దీనికి అదనం. కోస్తాలో ఉక్కపోతకు చెమట ఆరదు కాబట్టి డిగ్రీలు తక్కువున్నా ముప్పు తగ్గదు.

శరీరం ఎండకు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు కావాలి. పొలం పనులు అయిపోయాక ఒక్కసారిగా ఉపాధి పనిలోకి దిగేవాళ్లకు మొదటి రోజులే ఎక్కువ ప్రమాదం. కొత్తవాళ్లకు పని తగ్గించి, రోజురోజుకూ పెంచాలి. కొలతల పద్ధతిలో దీనికి చోటే లేదు.

ఇంకో సంగతి పెద్దగా ఎవరూ మాట్లాడరు. కూలీల్లో సగానికి పైగా మహిళలే. పని దగ్గర మరుగు ఉండదని చాలామంది కావాలనే నీళ్లు తక్కువ తాగుతారు. ‘నీళ్లు బాగా తాగండి’ అనే పోస్టర్ వాళ్లకేం ఉపయోగం?

గల్ఫ్‌లో రూల్.. ఊళ్లో సలహా

జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల నుంచి దుబాయ్, ఖతార్ వెళ్లిన వలస కార్మికులు వేలల్లో ఉన్నారు. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించడం నిషేధం. తప్పితే ఒక్కో కార్మికుడికి 5 వేల దిర్హమ్‌ల జరిమానా. ఖతార్‌లో ఉదయం 10 నుంచి 3.30 వరకు ఆపాలి. అక్కడా ఉల్లంఘనలు లేవని కాదు. కానీ కొడుక్కి అక్కడ రూల్ ఉంటే, ఊళ్లో ఉన్న తల్లికి సలహాతోనే సరి. మన దేశంలో కేరళ కార్మిక శాఖ ఏటా మధ్యాహ్నం విరామానికి ఆదేశాలిస్తోంది, అంటే ఇక్కడ కుదరని పనేం కాదు.

తెలంగాణ 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, చనిపోతే ఇచ్చే సాయాన్ని రూ.50 వేల నుంచి రూ.4 లక్షలకు పెంచింది. మంచి నిర్ణయమే. అయితే ఆ డబ్బు ప్రాణం పోయాక వచ్చేది. వేసవి భత్యం మళ్లీ ఇస్తే, ప్రాణం ఉండగానే కాసేపు నీడన కూర్చునే వీలుంటుంది.

పని చోట ఎవరైనా తడబడుతూ మాట్లాడినా, పొంతన లేకుండా ప్రవర్తించినా, సొమ్మసిల్లినా వడదెబ్బగానే అనుకోవాలి. వెంటనే 108కి ఫోన్ చేసి, నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి గాలి విసరాలి. మెడ, చంకల దగ్గర ఐస్ లేదా తడి గుడ్డ పెట్టాలి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయొద్దు. జ్వరం మాత్ర దీనికి పనిచేయదు.