ఆపే ముందు ఒక్క నిమిషం

జంషెడ్‌పూర్ నుంచి రాంచీ వెళ్లే దారిలో బుండు దాటాక తైమారా ఘాట్ వస్తుంది. లోడుతో ఘాట్ ఎక్కి ధాబా దగ్గర ఆగిన ట్రక్కు డ్రైవరు, అనుభవమున్నవాడైతే, వెంటనే ఇంజన్ కట్టేయడు. దాన్నలా కాసేపు నడవనిచ్చి, దిగి టైర్లు ఓసారి తట్టి చూసుకుని, ఆ తర్వాతే ఆపుతాడు. అదే దారిలో ఏసీ వేసుకుని దూసుకొచ్చిన ఎస్‌యూవీ యజమాని బండి నిలిచీ నిలవగానే ఇంజన్ ఆపేసి టీకి వెళతాడు. రెండు బండ్లలోనూ ఉన్నది టర్బోచార్జరే. దానితో ఎలా మసలుకోవాలో ట్రక్కు డ్రైవరుకు గురువు నేర్పాడు. ఎస్‌యూవీ యజమానికి షోరూంలో చెప్పింది మాత్రం హార్స్‌పవర్ లెక్కే.

జంషెడ్‌పూర్‌కు టర్బో కొత్త కాదు. రైలు ఇంజన్ల తయారీకంటూ 1945లో ఇక్కడ మొదలైన టెల్కో, 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్‌తో కలిసి ట్రక్కులకు మళ్లింది. 1993లో టాటాలు అమెరికా కంపెనీ కమిన్స్‌తో జతకట్టారు. అలా ఏర్పడిన టాటా కమిన్స్ ఇక్కడి కర్మాగారంలో 5.9 లీటర్ల, ఆరు సిలిండర్ల టర్బో డీజిల్ ఇంజన్లు తయారు చేసింది. కాలుష్య నిబంధనలు బిగిసేకొద్దీ టర్బో లేని ట్రక్కులు తెరమరుగయ్యాయి. ఆ రకంగా ఈ ఊరి డ్రైవర్లకు, ఆదిత్యపూర్ షెడ్లలోని మెకానిక్‌లకు దీని గుణగణాలు మూడు దశాబ్దాలుగా తెలుసు. కాకపోతే అవన్నీ డీజిల్ పాఠాలు. ఇప్పుడు కదమా, సోనారి, బిస్తుపూర్ వీధుల్లో ఇళ్ల ముందు నిలబడుతున్నవి టర్బో పెట్రోల్ బండ్లు. వీటి తీరు వేరు.

ఇవి ఇంతగా పెరగడానికి ఇంజనీర్ల కంటే ఆర్థిక మంత్రులే ఎక్కువ కారణం. 2006 బడ్జెట్‌లో చిన్న కార్లపై ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16కు తగ్గించారు. చిన్న కారంటే పొడవు 4 మీటర్లు, పెట్రోల్ ఇంజన్ 1,200 సీసీ మించకూడదన్నది షరతు. 2025 సెప్టెంబర్‌లో మారిన జీఎస్టీలోనూ గీత అక్కడే ఉంది. లోపల ఉంటే 18 శాతం, దాటితే 40. మరోవైపు డీజిల్ మోజు తగ్గింది. 2012లో పెట్రోల్‌కూ డీజిల్‌కూ లీటరుకు 30 రూపాయలు దాటిన తేడా 2014 అక్టోబర్‌లో డీజిల్ ధరపై నియంత్రణ ఎత్తేశాక కరిగిపోతూ వచ్చింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక చిన్న డీజిల్ ఇంజన్లను శుభ్రం చేసే ఖర్చు భరించలేక కొన్ని కంపెనీలు వాటినే వదిలేశాయి. అలా 1,200 సీసీ గీతలోపల బరువైన బండిని లాగాల్సిన భారం పెట్రోల్ ఇంజన్ మీద పడింది. దానికి తోడుగా దొరికింది టర్బో.

ఎంత తోడన్నది టాటా రెవోట్రాన్ ఇంజన్‌లోనే చూడొచ్చు. మూడు సిలిండర్ల ఈ 1.2 లీటర్ల ఇంజన్ టర్బో లేకుండా టియాగోలో 86 పీఎస్ శక్తిని, 113 న్యూటన్ మీటర్ల టార్క్‌ను ఇస్తుంది. టర్బో తగిలించిన నెక్సాన్‌లో 2017లో అది 110 పీఎస్, 170 న్యూటన్ మీటర్లయింది. బీఎస్-6 రూపంలో 120 పీఎస్‌కు చేరింది. పైగా ఆ 170 టార్క్ నిమిషానికి 1,750 చుట్ల దగ్గరే అందుతుంది. ఘాట్ మీద మాటిమాటికీ గేరు మార్చకుండా బండి ఎక్కేది అందుకే. 2013 నాటి ఫోర్డ్ ఎకోస్పోర్ట్ ఒక్క లీటరు ఇంజన్‌తో 125 పీఎస్ తీసింది. 2025 చివర్లో తిరిగొచ్చిన టాటా సియెరాలో 1.5 లీటర్ల టర్బో ఇంజన్ 160 పీఎస్, 255 న్యూటన్ మీటర్లు ఇస్తోంది. కాగితం మీద ఈ అంకెలకు వంక పెట్టడానికి లేదు. ఇబ్బందల్లా ఆ శక్తి ఎక్కడి నుంచి వస్తోందన్న దగ్గరే.

సైలెన్సర్ వైపు వృథాగా పోయే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న చక్రం బయటి గాలిని ఒత్తి ఇంజన్‌లోకి తోస్తుంది. ఎక్కువ గాలి దొరికితే ఎక్కువ పెట్రోల్ మండుతుంది. అంతే సూత్రం. అయితే ఆ ఇరుసు నిమిషానికి రెండు లక్షల చుట్ల దాకా తిరగగలదు. డీజిల్ ఇంజన్ పొగ సాధారణంగా 700, 800 డిగ్రీల దగ్గర ఆగితే, గట్టిగా పనిచేస్తున్న పెట్రోల్ ఇంజన్ పొగ 950 డిగ్రీలు దాటుతుంది. అంతటి వేడిలో అంత వేగంగా తిరిగే ఇరుసును మోసేది ఓ పల్చటి ఆయిల్ పొర. వెంట్రుక కంటే సన్నని ఆ పొర తెగితే లోహం లోహాన్ని తాకుతుంది.

ఇంజన్ ఆగితే ఆయిల్ పంపు ఆగుతుంది. వేడి మాత్రం ఆగదు. ఎర్రగా కాగిన టర్బైన్ నుంచి అది బేరింగ్‌లోకి పాకి, అక్కడ నిలిచిపోయిన ఆయిల్‌ను మాడ్చి నల్లటి గట్టి పెచ్చుగా మారుస్తుంది. దీన్ని కోకింగ్ అంటారు. బొగ్గును గాలి తగలకుండా కాల్చి కోక్ చేసి, దాంతో వందేళ్లకు పైగా ఉక్కు తీస్తున్న ఊరికి ఆ మాట విడమరచి చెప్పనక్కర్లేదు. స్టీల్ ప్లాంటులో కోక్ సంపద. టర్బోలో మాత్రం ఆయిల్ దారికి అడ్డుపడే మట్టిగడ్డ. ఇది ఒక్కరోజులో జరగదు. రోజుకింత పేరుకుని, వారంటీ ముగిశాక ఏదో ఓ రోజు సన్నని ఈలగానో, నీలం పొగగానో బయటపడుతుంది. నేటి పెట్రోల్ టర్బోల్లో బేరింగ్ చుట్టూ కూలెంట్ తిరుగుతుంది. కొన్నిటిలో ఇంజన్ ఆగాక కూడా చిన్న విద్యుత్ పంపు దాన్ని తిప్పుతుంది. కాబట్టి ఊళ్లో మెల్లగా తిరిగొచ్చిన బండిని ఆపడానికి కాచుకోవాల్సిన పనిలేదు. ఘాట్ ఎక్కాకో, హైవే మీద గంటసేపు పరుగెత్తాకో ఒక్క నిమిషం ఆగితే చాలు.

దీనికంటే విచిత్రమైన జబ్బు ఇంకొకటుంది. మైలేజీ కోసం వీలైనంత తొందరగా పై గేరు వేసి, తక్కువ వేగంలో యాక్సిలరేటర్ నొక్కడం మన డ్రైవర్లు తరతరాలుగా నేర్చుకున్న పొదుపు. పాత అంబాసిడర్ దాన్ని సణుగుతూనే భరించింది. పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే టర్బో ఇంజన్ భరించలేదు. 1,500 చుట్ల దగ్గర బరువంతా మీద పడితే సిలిండర్ గోడల మీది ఆయిల్ తుంపర్లు స్పార్క్ కంటే ముందే అంటుకుంటాయి. ఆ దెబ్బకు పిస్టన్ అంచులు, రింగులు విరిగిన ఇంజన్లున్నాయి. ఆయిల్‌లో శుభ్రతకు కలిపే కాల్షియం రసాయనాలు దీన్ని పెంచుతున్నాయని తేలాక ఆయిల్ కంపెనీలు పాళ్లు మార్చాయి. 2018లో ఏపీఐ ఎస్ఎన్ ప్లస్, 2020లో ఏపీఐ ఎస్పీ ప్రమాణాలు వచ్చింది ముఖ్యంగా అందుకే. డబ్బా మీద ఆ రెండక్షరాలు చూడకుండా, ఏ ఆయిలైనా ఒకటేననే దుకాణదారు మాట నమ్మడం లీటరుకు వందో రెండొందలో మిగుల్చుకుని ఇంజన్‌ను పణం పెట్టడమే. ఘాట్ మీద ఒక గేరు తగ్గించడం ఇంకా చవకైన మందు.

చిన్న ప్రయాణాలదీ ఓ గొడవ. ఇంటి నుంచి ఆఫీసుకు నాలుగు కిలోమీటర్లు, సాయంత్రం మళ్లీ నాలుగు. ఆయిల్ పూర్తిగా వేడెక్కే లోపే బండి ఆగిపోతుంది. కాలని పెట్రోల్ కిందికి జారి ఆయిల్‌లో కలిసి దాన్ని పల్చబరుస్తుంది. 2018లో చైనాలో హోండా 1.5 లీటర్ల టర్బో సీఆర్-వీ అమ్మకాలను కొంతకాలం ఆపింది ఈ సమస్యతోనే. అక్కడి చలిలో అది ముదిరింది. జార్ఖండ్ ఎండ కొంత మేలు చేస్తుంది గానీ, 10 వేలో 15 వేలో కిలోమీటర్లు తిరిగేదాకా ఆయిల్ మార్చక్కర్లేదనుకుంటే పొరపాటు. ఆ అంకె పక్కనే 'లేదా ఏడాది' అని కూడా ఉంటుంది.

అలాగని తప్పంతా యజమానులదే అనడం అన్యాయం. 2023 చివర్లో అమెరికాలో ఫోర్డ్ లక్షా 40 వేల ఎకోస్పోర్ట్, ఫోకస్ కార్లను వెనక్కి పిలిచింది. వాటి ఒక లీటరు టర్బో ఇంజన్‌లో ఆయిల్ పంపును తిప్పే బెల్టు పళ్లు ఊడటమో, టెన్షనర్ విరగడమో జరిగితే ఆయిల్ ఒత్తిడి పడిపోతుంది. అమెరికన్లు కొన్న ఎకోస్పోర్ట్‌లు చెన్నై దగ్గరి కర్మాగారం నుంచి వెళ్లినవే. అక్కడ ఏ యజమాని ఎంత జాగ్రత్తపడినా ఆ బెల్టును కాపాడగలిగేవాడు కాదు.

నిజానికి ఈ తగవు టర్బో కారంత పాతది. 1962లో అమెరికాలో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ తొలి టర్బో పెట్రోల్ కార్లలో ఒకటి. ఇంజన్ కొట్టుకోకుండా అందులో మిథనాల్ కలిపిన డిస్టిల్డ్ వాటర్ చిమ్మే ఏర్పాటు పెట్టారు. ఆ ట్యాంకు నింపడం యజమానులు మరిచిపోయేవారు. అది ఖాళీ అయితే కారు శక్తి తగ్గించుకుని నడిచేది. ఫిర్యాదులు పోటెత్తాయి. చివరకు కంపెనీయే టర్బో పీకేసి మామూలు కార్బురేటర్ బిగించి ఇచ్చింది. రెండేళ్లలోనే మోడల్ కథ ముగిసింది.

ఇప్పటి ఇంజన్లలో అలాంటి ట్యాంకు లేదు. దాని స్థానంలో ఉన్నది సర్వీసు పుస్తకం. తొలి యజమాని దాన్ని తెరవకపోయినా బండి నాలుగైదేళ్లు హాయిగానే నడుస్తుంది. బిల్లు పడేది రెండో యజమానికి. అందుకే సెకండ్ హ్యాండ్ టర్బో పెట్రోల్ కొనేవారు ఓడోమీటర్ కంటే ముందు ఆయిల్ బిల్లులు అడగాలి. ఎన్ని కిలోమీటర్లకు, ఏ గ్రేడు పోశారన్నది వాటిలో ఉంటుంది. బండిని రాత్రంతా చల్లారాక పొద్దున్నే తొలిసారి స్టార్ట్ చేయించి వినాలి. గొలుసు గలగల వినిపిస్తే టైమింగ్ చైన్ సాగి ఉండొచ్చు. డిప్‌స్టిక్ తీసి వాసన చూస్తే ఆయిల్‌లో పెట్రోల్ కలిసిందీ లేనిదీ కొంత తెలుస్తుంది. అమ్మకందారు ముందే ఇంజన్ వేడి చేసి ఉంచితే, మర్నాడు పొద్దున వస్తామని చెప్పి వెళ్లడం మంచిది.