నేను నేర్పని పాఠం

విద్యార్థి సంఘం కార్యదర్శి వచ్చి, "సార్, ఈసారి ప్రత్యేక సంచికకు మీరేదైనా వ్రాయాలి, కాని మరీ పాఠంలా వద్దండీ" అన్నాడు. పాఠం చెప్పడం తప్ప మరో విద్య రానివాణ్ణి. అయినా ఒప్పుకున్నాను. చాలాకాలంగా మనసులో ముల్లులా గుచ్చుకుంటున్న మాట ఒకటి వుంది. అది నేను నేర్పని పాఠం గురించి.

నేను వుండేది గుడిమల్కాపూర్‌లో. ఒకప్పుడు జాంబాగ్‌లో వుండిన పూల మార్కెట్టు ఇప్పుడు మా పేటలో వుంది. బంతి, చేమంతి మూటలు దిగే వేళకే తల్లులతోబాటు పసిపిల్లలూ అక్కడికి చేరుతారు. మూర లెక్కన పూలమ్మే ఒక తల్లి దగ్గర మేము పూజకు పూలు కొంటాం. కొన్నేళ్ళ కిందట ఆమె చిన్న కొడుక్కు విడవని జ్వరం వస్తే ఒక పెద్దాసుపత్రిలో చేర్చారు. అక్కడేదో పరిశోధన జరుగుతున్నది. అనుమతి కాగితం మీద ఆమెచేత వేలిముద్ర వేయించుకుని, పిల్లవాడి రక్తం కొంత అదనంగా తీసుకున్నారు. దేవుడి దయవల్ల పిల్లవాడు బతికాడు. నేను మైక్రోబయాలజీ చెబుతానని తెలిసి ఆమె ఒకనాడు అడిగింది:

"సారూ, మా పోరని నెత్తురు తీస్కపోయిండ్రు గదా, అండ్ల ఏం దొరికిందో ఎవ్వరు చెప్పకపాయె. మీరన్న అడిగి చెప్తరా?"

అడిగాను. ఆ పని చేసిన కుర్రవాడు నా శిష్యుడే. ఏడు నెలలపాటు ఫెలోషిప్పు డబ్బు రాక, పని మధ్యలోనే వదిలి మందుల కంపెనీలో చేరిపోయాడు. నమూనాలు ఫ్రీజరులోనే వున్నాయిగాని, వాటిమీది చీటీలు చెరిగిపోయాయి. ఏది ఎవరి రక్తమో చెప్పగలవారు లేరు. ఆ తల్లితో "తెలవలేదమ్మా" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. ఏమైనా అని వుంటే బాగుండేది.

తప్పెవరిది? కుర్రవాణ్ణి అనడం సులభం. కాని వాడికి సూక్ష్మజీవిని పెంచడం, రంగువేసి చూడడం, లెక్కించడం నేర్పింది నేను. రక్తం ఇచ్చిన తల్లికి సంగతి చెప్పి రావాలని నేర్పనిదీ నేనే.

మన నగరానికి ఈ విద్యలో పేరు లేకపోలేదు. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసింది ఇక్కడే. నల్లకుంట ఫీవరాసుపత్రికి ఆయన పేరే పెట్టారు. ఆ కథలో మనం మరచిపోయే సంగతులు రెండు. ఒకటి, 1894లో లండన్‌లో ఆయనకు ఆ పరాన్నజీవిని చూపించి, దోమలవైపు దృష్టి మళ్ళించిన గురువు పాట్రిక్ మాన్సన్. ఉత్తరాల ద్వారా ఆ గురువు వెంట నిలిచాడు. రెండోది, సరిగ్గా పని పండిన కొద్ది వారాలకే రాస్‌ను రాజపుతానాలో మలేరియా అంతగా లేని చోటికి బదిలీ చేశారు! గురువు లేనిదే పరిశోధకుడు తయారుకాడు. వేళగాని బదిలీ తయారైనవాణ్ణి కూడా ఆపేస్తుంది. ఈ రెండూ నేటికీ మారలేదు.

ఇక 2003 సంగతి. ఆ యేడు జూన్ నుంచి ఆగస్టు దాకా నాటి ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలకు హఠాత్తుగా జ్వరం, ఫిట్సు, స్పృహ తప్పడం, ఒకటి రెండు రోజుల్లో మరణం. 329 మంది పిల్లలు జబ్బుపడితే 183 మంది పోయారు. నమూనాలు పుణె వైరాలజీ సంస్థకు పంపితే చాందీపురా వైరస్ అని తేలింది. 1965లోనే నాగపూర్ దగ్గరి ఒక పల్లెలో బయటపడిన వైరస్ అది. ఇసుక ఈగల ద్వారా వ్యాపిస్తుందంటారు. అది మెదడు వాపా, మెదడు రక్తనాళాలకు తగిలిన దెబ్బా అని వైద్యుల్లోనే వాదం నడిచింది. 2024లో గుజరాత్‌లో మళ్ళీ పిల్లలను తీసుకుపోయింది. నేటికీ దానికి టీకా లేదు, ప్రత్యేకమైన మందూ లేదు.

"రోగులను చూడడానికే తీరిక లేదు, పరిశోధన ఎక్కడ?" అంటారు వైద్య మిత్రులు. నీలోఫర్ వంటి ఆసుపత్రి వరండాలో ఒక్కరోజు నిలబడినవాడెవడూ ఆ మాట కాదనలేడు. కాని ఆ 183 మంది విషయంలో తక్కువైంది తీరిక ఒక్కటే కాదు, తెలివిడి కూడా. ఆ తెలివిడి వార్డులోనుంచే పుట్టాలి. రోటావైరస్ టీకానే చూడండి. 1985-86లో ఢిల్లీలో నవజాత శిశువుల్లో దొరికిన బలహీనమైన వైరస్‌ను డాక్టర్ ఎం.కె. భాన్ బృందం గుర్తించింది. మన భారత్ బయోటెక్ దాన్ని టీకాగా తయారుచేసింది. 2014లో అనుమతి, 2016లో సార్వత్రిక టీకాల కార్యక్రమంలో చోటు. సుమారు ముప్పైయేళ్ళు! అన్నేళ్ళు ఓపికపట్టే పనికి నెలనెలా భృతి కూడా సరిగా అందని కుర్రవాణ్ణి పెట్టి, ఫలితం ఏదీ అంటే ఎలా?

కనుక నా మనవి. పిల్లల వైద్యంలో పీజీ చేసేవారి థీసిస్ బీరువాలో మూలగకూడదు. ఆసక్తి వున్నవారికి వారంలో ఒకటి రెండు రోజులు వార్డు డ్యూటీ తగ్గించి, ఒక గురువును అప్పగించాలి. మా సైన్సు కాలేజీ విద్యార్థిని వార్డుకూ, వైద్య విద్యార్థిని ప్రయోగశాలకూ పంపాలి. భృతి నెల తిరిగేసరికి చేతికందాలి. వైద్య పరిశోధన మండలివారు 1979 నుంచి వైద్య విద్యార్థులకు స్వల్పకాల పరిశోధనా భృతి ఇస్తున్నారు. 2008లో ఏర్పడి మన నగరంలోనే కార్యాలయం పెట్టుకున్న ఇండియా అలయన్స్ యువ పరిశోధకులకు ఫెలోషిప్పులు ఇస్తూ వచ్చింది. దారులు బొత్తిగా లేవనలేము. చేయిపట్టి నడిపించేవారు కరువు.

మరొకటి, భాష. తల్లి "తట్టు" అంటుంది, "ఆటలమ్మ" అంటుంది, "కోరింత దగ్గు" అంటుంది. పక్కింటి తల్లి అదే బాధను ఉర్దూలో చెబుతుంది. ఆ మాట అర్థంకాని పరిశోధకుడికి ఆమె వేలిముద్ర తీసుకునే హక్కెక్కడిది?

ఇప్పుడు నా ప్రాక్టికల్సులో ఒక నియమం పెట్టాను. నమూనా ఎవరిదో, ఫలితం ఎవరికి ఏనాడు చెప్పారో వ్రాయనిదే రికార్డు మీద సంతకం చేయను. పిల్లలు విసుక్కుంటున్నారు. విసుక్కోనీ. మిత్రులారా, మీలో ఎవరైనా రేపు ఏ తల్లి దగ్గరైనా ఆమె బిడ్డ రక్తం తీసుకుంటే, దొరికినా దొరకకపోయినా ఆ సంగతి ఆమెకు చెప్పి రండి. గుడిమల్కాపూర్‌లో నేను జవాబు చెప్పలేని తల్లి ఒకరు చాలు.