వికలాంగుల లక్ష్యాల సర్వే: మారాల్సింది ప్రశ్న

వికలాంగుల జీవిత లక్ష్యాలు ఏమిటో తెలుసుకోవడానికి జరిపే సర్వేలను వారికి అందుబాటులోకి తేవడమంటే వెబ్‌సైటును సరిదిద్దడమేనన్న అభిప్రాయం అధికార వర్గాల్లోనే కాక, వికలాంగుల హక్కుల కోసం వాదించేవారిలో కూడా బలంగా నాటుకుపోయింది. ఈ అభిప్రాయం తప్పు, పైగా హానికరం. జాతీయ గణాంక కార్యాలయం 2018 జులై నుంచి డిసెంబరు వరకు జరిపిన 76వ విడత నమూనా సర్వే ప్రకారం దేశంలో ఏడేళ్లు నిండిన వికలాంగుల్లో అక్షరాస్యులు 52.2 శాతమే, తక్కిన 47.8 శాతం మందికి, అంటే వందలో 48 మందికి, ఏ భాషలోనూ ఒక చిన్న సందేశాన్ని అర్థం చేసుకుని చదవడం, రాయడం రాదు. ఆ 48 మందిని పక్కన పెట్టి ఫారం రంగుల గురించి, అక్షరాల సైజు గురించి, బటన్ల అమరిక గురించి ఎంత చర్చించినా అది మిగిలిన 52 మంది గురించిన చర్చే అవుతుంది.

2047 నాటికి రాష్ట్రం ఎలా ఉండాలో చెప్పమని పౌరులను అడిగే ఆన్‌లైన్ సర్వేలు, నైపుణ్య గణనలు, ఉపాధి ఆకాంక్షల నమోదులు తెలుగు నేల మీద ఒకదాని వెంట ఒకటి వస్తున్న ఈ కాలంలో ఈ సంఖ్యను ప్రస్తావించినవారు అరుదు. జనాభా మొత్తానికి అదే సంస్థ 2017-18లో జరిపిన 75వ విడత సర్వేలో అక్షరాస్యత 77.7 శాతంగా తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో అది 66.4 శాతమే. సాధారణ జనాభాలోనే పరిస్థితి ఇలా ఉన్న చోట వికలాంగుల్లో మెరుగ్గా ఉంటుందని ఆశించడానికి ఆధారం లేదు. అక్షరాస్యులుగా లెక్కకెక్కిన 52 మందిలో కూడా అందరూ సర్వే ఫారం చదవగలరని అనుకోకూడదు, ఎందుకంటే అదే 76వ విడత ప్రకారం పదిహేనేళ్లు పైబడిన వికలాంగుల్లో సెకండరీ స్థాయి, ఆపై చదువు ఉన్నవారు 19.3 శాతమే.

న్యాయస్థానాల తీర్పుల వల్ల చర్చ వెబ్‌సైటు చుట్టూ తిరగడం సహజమే. రాజీవ్ రతూరి కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, 2017 నాటి వికలాంగుల హక్కుల నియమావళిలోని 15వ నియమం అందుబాటు ప్రమాణాలను తప్పనిసరి చేయకుండా సిఫార్సులుగా వదిలేసినందున 2016 చట్టానికి విరుద్ధమని తేల్చి, తప్పనిసరి ప్రమాణాలను మూడు నెలల్లో రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన అధ్యయనాన్ని హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయానికి చెందిన వికలాంగ అధ్యయన కేంద్రం జరిపిందన్నది తెలుగువారు గుర్తుంచుకోవలసిన సంగతి. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో డిజిటల్ సేవలను అందుకునే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణం కిందికి వస్తుందని అదే కోర్టు చెప్పింది. రెండూ గొప్ప తీర్పులే. అయితే వాటి తర్వాత సాగిన చర్చంతా ఐఎస్ 17802 అనే భారతీయ ప్రమాణం చుట్టూ, అంటే వెబ్‌సైట్లు, యాప్‌లు, పరికరాలు వికలాంగులు వాడేందుకు అనువుగా ఉన్నాయో లేదో పరీక్షించే సాంకేతిక నిబంధనల చుట్టూ ఆగిపోయింది. బొమ్మకు వివరణ ఉందా, మౌస్ లేకుండా కీబోర్డుతో పేజీ అంతా తిరగవచ్చా అన్నవి ఆ ప్రమాణం ప్రధానంగా చూస్తుంది. ప్రశ్న అడిగిన తీరు జవాబు చెప్పేవారికి అందుతుందా లేదా అన్నది వేరే పని, ఆ పని ఎవరి నెత్తిన ఉందో ఎవరూ చెప్పడం లేదు.

సాంకేతిక లోపాలు చిన్నవని దీని అర్థం కాదు. యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైపు చేసి పీడీఎఫ్‌గా మార్చిన ఫారాన్ని స్క్రీన్ రీడర్, అంటే తెర మీది అక్షరాలను గొంతుతో చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, తెలుగుగా గుర్తించలేదు. కంటికి చక్కని తెలుగుగా కనిపించే పేజీ చెవికి అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాల గొలుసుగా వినిపిస్తుంది. పది లక్ష్యాలను మౌస్‌తో లాగి వరుసలో పెట్టమనే ప్రశ్న చూపు లేనివారికీ, చేతులకు పట్టు దొరకనివారికీ సమానంగా అసాధ్యం. ఇవన్నీ యూనికోడ్‌కు మారితే, కోడ్‌ను సరిదిద్దితే తీరిపోయే ఇబ్బందులు కాబట్టి వీటిపై ఇంతకంటే చెప్పవలసింది లేదు.

అసలు చిక్కు ప్రశ్నలో ఉంది. ఇటువంటి సర్వేల్లో సాధారణంగా అడిగే ప్రశ్నను ఉదాహరణగా తీసుకుంటే, ‘రాబోయే ఐదేళ్లలో మీరు సాధించదలచిన ముఖ్య లక్ష్యాలను ప్రాధాన్యక్రమంలో పేర్కొనండి’ అన్న ఒక్క వాక్యం జవాబు చెప్పేవారి నుంచి మూడు పనులను ఒకేసారి కోరుతోంది: ఐదేళ్ల కాలాన్ని ఊహించుకోవాలి, కోరికలను లక్ష్యాలనే అమూర్త రూపంలోకి మార్చుకోవాలి, వాటిని ఒకదానితో ఒకటి పోల్చి వరుస పెట్టాలి. మేధో వైకల్యం ఉన్న యువతికి ఈ మూడింటిలో ఏ ఒక్కటి కష్టమైనా ఆమె పేరు ఎదుట గడి ఖాళీగా మిగులుతుంది, లేదా పక్కనున్నవారు నింపేస్తారు. అదే సంగతిని ‘పొద్దున్న ఎక్కడికి వెళ్తున్నావమ్మా? అక్కడికి వెళ్లడం ఇష్టమేనా? ఇంకెక్కడికైనా వెళ్లాలని ఉందా?’ అని మూడు చిన్న ప్రశ్నలుగా, ప్రతి ప్రశ్నకూ ఒక బొమ్మ చూపిస్తూ, తొందర పెట్టకుండా అడిగితే ఆమె జవాబు చెప్పే అవకాశం ఎంతో పెరుగుతుంది. పుట్టుకతో వినికిడి లేక సైగల భాషలోనే పెరిగిన వ్యక్తికి రాత తెలుగు రెండో భాష కాబట్టి, ప్రశ్నను సైగల భాషలో చూపే వీడియో ఉంటే తప్ప అతని మనసులోని మాట ఆ ఫారంలోకి రాదు.

జవాబు ఇచ్చే పద్ధతి కూడా ఇంతే ముఖ్యం. ‘పూర్తిగా అంగీకరిస్తాను’ నుంచి ‘అసలు అంగీకరించను’ వరకు ఐదు మెట్లుగా జవాబులు అడిగే లైకర్ట్ స్కేలు 1932లో పుట్టింది. సర్వే అనగానే నేటికీ అదే ముందుకొస్తుంది. ‘అవును’, ‘కాదు’ అన్న రెండు జవాబులకు కుదిస్తే పని సులువవుతుందని అనుకునేవారు 1981లో కరోల్ సిగెల్మన్, ఆమె సహ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనాన్ని చూడాలి: మేధో వైకల్యం ఉన్నవారిని పరస్పర విరుద్ధమైన ప్రశ్నలు అడిగినప్పుడు చాలామంది రెండింటికీ ‘అవును’ అనే చెప్పారు. అడిగేవారు పెద్దవారు, అధికారం ఉన్నవారు అయినప్పుడు తలూపడం ఎక్కడైనా ఉన్నదే. ప్రభుత్వోద్యోగి ఇంటికి వచ్చి అడిగే చోట ఇది మరింత నిజం. దీనికి విరుగుడు కూడా కొత్తదేమీ కాదు. స్కాట్లాండ్‌లోని స్టర్లింగ్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న టాకింగ్ మ్యాట్స్ పద్ధతిలో జవాబు చెప్పేవారు బొమ్మ కార్డులను ఒక్కొక్కటిగా తీసుకుని ఇష్టం, తెలియదు, ఇష్టం లేదు అన్న మూడు చోట్లలో తామే పెడతారు. దీనికి అక్షరాలు అక్కర్లేదు. పైన చెప్పిన 48 మందికీ దారి చూపే పద్ధతి ఇటువంటిదే.

ఇక ఎవరు జవాబు చెప్పాలన్న ప్రశ్న. జనగణనలో ఇంటిపెద్ద అందరి తరఫునా వివరాలు చెప్పడం చిరకాలంగా ఉన్న పద్ధతి. వయసు, చదువు వంటి విషయాలకు అది సరిపోవచ్చు గాని, కూతురి కోరికను తండ్రి చెబితే నమోదయ్యేది తండ్రి కోరిక. 2016 చట్టంలోని 13వ సెక్షన్ వికలాంగులకు ఇతరులతో సమానమైన చట్టబద్ధ సామర్థ్యాన్ని గుర్తిస్తూ, వారికి సాయపడేవారు అనుచిత ప్రభావం చూపరాదని, వారి స్వేచ్ఛను, గౌరవాన్ని, గోప్యతను మన్నించాలని స్పష్టంగా చెబుతోంది. అమెరికాలో 1997లో మొదలైన నేషనల్ కోర్ ఇండికేటర్స్ కార్యక్రమం మేధో వైకల్యం ఉన్నవారిని ముఖాముఖి అడిగే సర్వేలో ఒక భాగాన్ని పూర్తిగా ఆ వ్యక్తి సొంత జవాబులకే కేటాయించింది. ఆ భాగంలో ఎంత దగ్గరివారైనా ఆ వ్యక్తి తరఫున జవాబు చెప్పడానికి వీల్లేదు. ఇంత సరళమైన నియమాన్ని ఇక్కడ పెట్టడానికి డబ్బు అవసరం లేదు, చట్టం మార్చే పని లేదు.

మన దగ్గర సంప్రదాయం దీనికి భిన్నంగా పెరిగింది. మానసిక వికలాంగుల సంస్థగా 1984లో సికింద్రాబాద్‌లో ఏర్పడిన జాతీయ సంస్థ తయారుచేసిన అంచనా జాబితాలు ప్రత్యేక పాఠశాలల్లో ఎంతో మేలు చేశాయి; పిల్లవాడు సాయంతో ఏం చేయగలడో, సాయం లేకుండా ఏం చేయగలడో వాటిలో గుర్తించి ఉపాధ్యాయులు ఆ ఏటి లక్ష్యాలను నిర్ణయిస్తారు. అయితే అవి సామర్థ్యాన్ని కొలిచే సాధనాలు, కోరికను అడిగేవి కావు. వైకల్యాన్ని నిర్ధారించే సదరం క్యాంపులో వైకల్య శాతం తేలుస్తారు, సర్టిఫికెట్ ఇస్తారు, దాన్ని బట్టి పింఛను వస్తుంది. ఇన్నేళ్లుగా శాతం కొలిచే యంత్రాంగాన్ని మాత్రమే చూసిన వ్యక్తి దగ్గరికి వెళ్లి ‘మీకు ఏ ఉద్యోగం చేయాలని ఉంది’ అని అడిగితే, ఉద్యోగం చేయగలనని చెబితే పింఛను పోతుందేమోనన్న భయమే ముందు పుడుతుంది. పింఛను జాబితాకూ ఈ సర్వేకూ సంబంధం లేదని మొదటి మాటగా చెప్పి, ఆ హామీని రాతలో ఇవ్వని సర్వే ఏదీ నిజమైన జవాబు ఆశించకూడదు.

ఖర్చు పెరుగుతుందని, ప్రశ్నలు మారిస్తే అందరి జవాబులను పోల్చడం కుదరదని అభ్యంతరం వస్తుంది. ఖర్చు పెరిగే మాట నిజమే. గణకులకు శిక్షణ కావాలి, ఒక్కో ఇంట్లో ఎక్కువ సమయం కావాలి. పోలిక గురించిన వాదనకు మాత్రం విలువ లేదు, ఎందుకంటే అర్థం కాని ప్రశ్నకు ఇంట్లో మరొకరు చెప్పిన జవాబును, అర్థమైన ప్రశ్నకు సొంతంగా చెప్పిన జవాబుతో పోల్చి సాధించేదేమీ ఉండదు. తీవ్ర వైకల్యం వల్ల ఏ పద్ధతిలోనూ జవాబు చెప్పలేనివారు కొందరు ఉంటారు. వారి గడిలో ‘జవాబు తెలుసుకోలేకపోయాం’ అని రాయడం నిజాయితీ, మరొకరి కోరికతో దాన్ని నింపడం మోసం.

వికలాంగులను వెతికే తీరు దగ్గరా ఇదే నిర్లక్ష్యం. అదే 76వ విడత సర్వే ప్రకారం వికలాంగుల్లో సర్టిఫికెట్ ఉన్నవారు 28.8 శాతమే. సర్టిఫికెట్ జాబితాను ముందు పెట్టుకుని మొబైల్‌కు లింకు పంపితే మొదటి మెట్టు మీదే వందలో 71 మంది పోతారు, చేతికి లింకు అందినవారిలోనూ చదవలేనివారు ఉంటారు. ఇలా మిగిలిన పిడికెడు మంది అభిప్రాయాలకు గ్రాఫులు గీసి, మంత్రి చేతుల మీదుగా నివేదిక విడుదల చేసి, దాన్ని బట్టి శిక్షణ కేంద్రాలకూ ఉపాధి పథకాలకూ నిధులు పంచడం పరిపాలన అనిపించుకోదు. వందలో 48 మందికి చదవడం, రాయడం రాదని ప్రభుత్వ సంస్థే లెక్కగట్టి చెప్పి ఏళ్లు గడిచాక, ఇంకా రాత ఫారాన్నే వారి ముందు పెట్టే శాఖ తనకు తెలియదని చెప్పుకునే వీలు లేదు.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు వికలాంగులను లక్ష్యాల గురించి అడగదలచుకుంటే ప్రశ్నలను మేధో వైకల్యం ఉన్నవారితో, వినికిడి లేనివారితో, చదువు రానివారితో కూర్చుని రాయించాలి. అచ్చుకు పంపే ముందు వారితోనే పరీక్షించాలి. బొమ్మల్లో, గొంతులో, సైగల భాషలో ప్రశ్నను సిద్ధం చేయాలి. ఎవరి జవాబును ఎవరు చెప్పారో ప్రతి ఫారంలో నమోదు చేసి ఆ సంఖ్యను నివేదిక మొదటి పేజీలో ప్రకటించాలి. ఇవి చేసేదాకా అటువంటి నివేదికల మీద ‘వికలాంగుల ఆకాంక్షలు’ అని అచ్చు వేయడం మానుకోవాలి.